జావా బండి, దాని సామాన్ల బండి

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసిమ్మని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు ఆయన మనసులో ఉన్నది డి.ఏ. బకాయిల సంగతో, ఆరోగ్య కార్డుల సంగతో అయి ఉంటుంది. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసిన పెద్దలు మన సంఘంలో ఉన్నారు. నాకు తెలిసినది, గత మూడేళ్ళుగా నా నిద్రనూ కొంత పెన్షనునూ తినేసినది ఒకటే. అది 1968 నాటి జావా మోటారు సైకిలు. అందుచేత దాని చరిత్రే రాస్తున్నాను. సోదర పెన్షనర్లలో పాత బండి మీద మనసుపడి, కొనడమా మానడమా, కొంటే సామాను ఎక్కడ దొరుకుతుంది, విప్పుకోవడానికి అలాంటిదే ఇంకొకటి కొని పెట్టుకోవాలా అని తర్జనభర్జన పడుతున్నవారు నా ఎరికలోనే నలుగురున్నారు. వారికోసం నేను చేసిన పొరపాటు కూడా దాచకుండా రాస్తాను.

1977లో నేను ఉద్యోగంలో చేరిన సబ్ డివిజన్ ఆఫీసులో సూపర్‌వైజరు గారికి మెరూన్ రంగు జావా ఉండేది. మిగిలిన మా అందరివీ సైకిళ్ళే. ఆయన పొద్దున్నే చెరువుకట్ట మీద వస్తుంటే, మనిషి కనబడకముందే రెండు సైలెన్సర్ల చప్పుడు వినబడేది. మా అటెండరు బెంచీ మీదనుంచి లేచి చొక్కా గుండీలు పెట్టుకునేవాడు. 1983లో ఆయన రిటైరవుతూ, "నీకైతే మూడు వేల అయిదొందలకు ఇస్తానయ్యా, వాయిదాల మీద ఇవ్వు" అన్నారు. ఆ ఏడే మా చెల్లెలి పెళ్ళి కుదిరింది. బండి ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఒకాయన కొనుక్కుపోయాడు. ఆ సాయంత్రం నేను సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వచ్చిన దారి ఇప్పటికీ జ్ఞాపకం ఉంది.

ఈ కాలం పిల్లలకు చెబితే నమ్మరు గాని, ఆ రోజుల్లో మోటారు సైకిలు కొనాలంటే మన ముందున్నవి మూడే పేర్లు. మద్రాసు నుంచి ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, మైసూరు నుంచి జావా, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్. మొదటిది బ్రిటన్ నమూనా, రెండవది చెకొస్లొవేకియా నమూనా, మూడవది పోలెండ్ నమూనా. స్కూటరు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ఆ బుకింగు కాగితాన్ని ఇంట్లో పట్టా కాగితంలాగా దాచుకున్నవారు ఈ సంచిక చదివేవారిలో తప్పకుండా ఉంటారు.

మా అటెండరు జావా అంటే సముద్రంలో ఉన్న దీవి పేరనీ, బండి అక్కడినుంచే ఓడలో వస్తుందనీ వాదించేవాడు. నిజానికి అది ఒక మనిషి పేరులో సగం, ఒక కంపెనీ పేరులో సగం. ప్రాగ్ నగరంలో ఆయుధాలు తయారుచేసే ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఆయన 1929లో, జర్మనీలోని వాండరర్ కంపెనీ మానేయదలచిన 500 సి.సి. మోటారు సైకిలు నమూనానూ యంత్రసామగ్రినీ కొన్నాడు. యానెచెక్‌లోని మొదటి రెండక్షరాలు, వాండరర్‌లోని మొదటి రెండక్షరాలు కలిపితే బండి పేరు వచ్చింది. చెక్ భాషలో దాన్ని "యావా" అంటారు. మనం ఇంగ్లీషు అక్షరాలు చూసి జావా చేసుకున్నాం. ఆ మొదటి బండి బరువెక్కువ, ధర ఎక్కువ. 1932లో చిన్న 175 సి.సి. ఇంజనుతో చవక బండి తెచ్చిన తరువాతే జనం జావా ఎక్కారు.

తరువాత యుద్ధం. 1939లో జర్మనీ ఆ దేశాన్ని ఆక్రమించింది. 1941లో యానెచెక్ చనిపోయాడు. ఫ్యాక్టరీ జర్మనుల పనికి పోయింది. అయినా ఇంజనీర్లు కొందరు యుద్ధం ముగిశాక కావలసిన 250 సి.సి. బండికి రహస్యంగా నమూనా తయారుచేసుకుంటూ వచ్చారు. 1946లో పారిస్ ప్రదర్శనలో దాన్ని పెడితే అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. పట్టుబడితే ప్రాణం పోయే కాలంలో, అమ్ముడుపోతుందో లేదో తెలియని మోటారు సైకిలుకు బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నవారి గుండెధైర్యాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. గేరు మార్చేటప్పుడు క్లచ్చు దానంతటదే వదిలే ఏర్పాటు ఆ బండితోనే వచ్చింది. దాని సంతతిలో 1954లో వచ్చిన 353 రకమే మన మైసూరు జావాకు మూలం.

మన దేశంలో బొంబాయికి చెందిన ఇరానీ కుటుంబం మొదట ఈ బండ్లను దిగుమతి చేసి అమ్మేది. దిగుమతుల మీద ఆంక్షలు బిగిసేసరికి ఇక్కడే తయారుచేయాలని పూనుకుని, ఐడియల్ జావా పేరుతో మైసూరులోని యాదవగిరిలో కర్మాగారం పెట్టారు. 1961లో బండ్లు బయటికి రావడం మొదలైంది. ప్రారంభోత్సవం చేసినది జయచామరాజ వడయార్ గారు. మహారాజుగా ఉండి అప్పుడు మైసూరు రాష్ట్ర గవర్నరుగా ఉన్నారు. తొలిరోజుల్లో సామాను చాలావరకు చెకొస్లొవేకియానుంచే వచ్చేది. క్రమంగా ఇక్కడే పోతపోయడం, కోయడం నేర్చుకున్నారు. 1970ల నడిమికి జావా పేరు వాడుకునే ఒప్పందం ముగిసి, అదే బండి ట్యాంకు మీద యెజ్డీ అనే పేరు వచ్చింది. ఇరాన్‌లోని యజ్ద్ నగరం పేరు మీదుగా పెట్టారని చెబుతారు. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. మన అనంతపురం, హిందూపురం ప్రాంతాలకు మైసూరు, బెంగళూరు దగ్గర గనుక, కోస్తా జిల్లాల్లో బుల్లెట్టుకున్నంత మర్యాద మా వైపు జావాకూ, యెజ్డీకీ ఉండేది. పాలక్యానులు కట్టుకున్న యెజ్డీలు, ముగ్గురు మనుషులతోపాటు ఒక మేకపిల్లను కూడా మోసిన యెజ్డీలు నేను కళ్ళారా చూశాను.

ఇంజను సంగతి కొంచెం చెప్పాలి, తరువాతి కథకు అది అవసరం. ఒకటే సిలిండరు, 65 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు, 249 సి.సి. సిలిండరు ఒకటే అయినా సైలెన్సర్లు రెండు. టూ స్ట్రోకు గనుక విడిగా ఇంజనాయిలు పోయడం లేదు. 25 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె కలిపి పోయాలి. చెయిన్ పూర్తిగా రేకుడొప్పలో మూసి ఉంటుంది, పంచె అంచు పడదు. అన్నిటికంటే వింత కిక్కు రాడ్డు. విడిగా లేనే లేదు. ఎడమవైపు ఉన్న గేరు లీవరునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు రాడ్డు అవుతుంది. స్టార్టయ్యాక కిందికి దించితే మళ్ళీ గేరు. కొత్తవాడెవడైనా ఈ బండి దొంగిలించాలనుకుంటే స్టార్టు చేయడం తెలియకనే పట్టుబడతాడని మా సూపర్‌వైజరు గారు అనేవారు.

ఇంత గట్టి బండిని ఓడించినది మైలేజీ. 1984 తరువాత జపాను కంపెనీల పొత్తుతో ఇండ్-సుజుకీ, హీరో హోండా, యమహా ఆర్‌ఎక్స్ 100 వరసగా దిగాయి. లీటరుకు రెట్టింపు దూరం పోయే బండి కళ్ళ ముందుండగా, పొగ వదిలే 250 సి.సి. బండిని జీతగాడు ఎందుకు కొంటాడు? దానికి తోడు వాహనాల పొగ మీద ఆంక్షలు 1991లో ఒకసారి, 1996లో మరోసారి బిగిశాయి. ఆ 1996లోనే మైసూరు కర్మాగారంలో తయారీ ఆగిపోయింది. 2018లో మహీంద్రా వారి అండతో జావా పేరు, 2022లో యెజ్డీ పేరు మళ్ళీ బజారులోకి వచ్చాయి గాని అవి ఫోర్ స్ట్రోకు ఇంజన్లతో వేరే బండ్లు. షోరూముకు వెళ్ళి పాత జావాకు గేరు పళ్ళచక్రం అడిగితే అక్కడి కుర్రవాడు మర్యాదగా కుర్చీ వేసి మంచినీళ్ళు ఇస్తాడు, అంతే.

పాత బండి కొనేవాడు మొదట చూసుకోవలసిన చరిత్ర ఇదే: బండి ఏ సంవత్సరంది అన్నదానికంటే, దాన్ని చేసిన ఫ్యాక్టరీ ఏమైంది అన్నది. బుల్లెట్టు తీసుకోండి. ఇంగ్లండులో దాన్ని పుట్టించిన కంపెనీ 1970లో మూతపడినా, తిరువొత్తియూరులో తయారీ ఆగలేదు. పాత పోత ఇనుప ఇంజను దశాబ్దాల తరబడి పెద్దగా మారకుండా వచ్చింది గనుక 1965 బుల్లెట్టుకు కావలసినవి ఇప్పటికీ ఏ పట్నంలోనైనా దొరుకుతాయి. బుల్లెట్టు కొన్నవాడు విప్పుకోవడానికి రెండో బుల్లెట్టు కొని పెట్టుకోవడం బావి పక్కన కుండల్లో నీళ్ళు దాచుకున్నట్టే. ఎస్కార్ట్స్ వారు 1980లలో తెచ్చిన రాజ్‌దూత్ 350 సంగతి దానికి పూర్తిగా తలకిందులు. కొద్ది ఏళ్ళే తయారైంది. దాని ఇంజను సామాను కోసం జపాను నమూనా బండ్ల సామాను విదేశాలనుంచి తెప్పించుకునేవారున్నారు. జావా ఈ రెండింటికీ నడుమన ఉంది. ఫ్యాక్టరీ లేదు గాని అభిమానులున్నారు. ఏటా జులై రెండో ఆదివారంనాడు జావా దినమని చెప్పి ఊళ్ళూళ్ళా వందల బండ్లు రోడ్డెక్కుతాయి. అన్ని బండ్లు తిరుగుతున్నాయి గనుక పిస్టన్లు, రింగులు, క్లచ్చు ప్లేట్లు, కనెక్టింగ్ రాడ్డు కిట్లు, కేబుళ్ళు, రబ్బర్లు, సైలెన్సర్లు కొత్తగా చేసి అమ్మేవారు ఉన్నారు. బెంగళూరు జె.సి. రోడ్డులో ఒక పూట తిరిగితే సగం బండి సంచిలో వేసుకుని రావచ్చు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఇది నాకు తెలియడానికి పద్నాలుగు వేల రూపాయలు ఖర్చయింది. బండిలో అరిగే సామాను వేరు, పోయే సామాను వేరు. పిస్టను అరుగుతుందని ఫ్యాక్టరీకీ తెలుసు, బజారుకూ తెలుసు. అందుకని ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. ఇంజను కేసు, పెట్రోలు ట్యాంకు, మడ్‌గార్డు, హెడ్‌లైటు డొప్ప, పక్కపెట్టెల మూతలు అరిగేవి కావు గనుక వాటిని కొత్తగా చేసే అవసరం ఉందని ఎవరూ అనుకోరు. అవి సొట్టలు పడతాయి, తుప్పు పడతాయి, ఎక్కడో ఊడి పడిపోతాయి. విప్పుకోవడానికని రెండో బండి కొంటే ఈ రెండోరకం సామాను కోసమే కొనాలి. తమాషా ఏమంటే, "సామానుకు పనికొస్తుంది తీసుకోండి" అని మనకు చూపించే బండ్లలో సరిగ్గా ఆ సామానే ఉండదు. ట్యాంకూ మూతలూ మనకంటే ముందు వచ్చినవాడు పట్టుకుపోయి ఉంటాడు.

సామాన్ల బండి అనే ఏర్పాటు మనకు కొత్తదేమీ కాదు. ఆఫీసులో రెండు జీపులుండేవి జ్ఞాపకం చేసుకోండి. ఒకటి నడిచేది. రెండోది వేపచెట్టు కింద ఇటుకల మీద నిలబడి, కండెమ్ చేసే కమిటీ కోసం ఎదురుచూసేది. నడిచే జీపుకు ఏది పోయినా డ్రైవరు పానా పట్టుకుని వేపచెట్టు దగ్గరికి నడిచేవాడు. చివరికి కమిటీ వారు వచ్చేసరికి చెట్టు కింద మిగిలింది ఛాసిస్సూ, దానిలో పిల్లలు పెట్టిన పిల్లీను. సర్వే రిపోర్టులో "సర్వాంగాలూ ఉన్నవి" అని ఎలా రాయాలా అని ఆ రాత్రి హెడ్ క్లర్కు గారు పడ్డ అవస్థ నేను మరువలేను.

ఇక నా బేరం. 2022 మే నెలలో హిందూపురంలో ఒక రిటైర్డు టీచరుగారి ఇంట్లో, వసారాలో గోనెసంచుల కింద ఈ జావా కనబడింది. అప్పటికి నెల కిందటనే, ఏప్రిల్ 4న, హిందూపురం మా అనంతపురం జిల్లానుంచి శ్రీ సత్యసాయి జిల్లాకు మారిపోయింది. నేను ఆలోచించేలోగా బండి జిల్లా దాటిపోయిందని మా అబ్బాయి ఎగతాళి చేశాడు. పాత మూడక్షరాల నెంబరు. టీచరుగారి కొడుకు అరవై అయిదు వేలు చెప్పి యాభై రెండుకు ఇచ్చాడు. మా ఇంటావిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఆవిడ అనడం.

బండి నచ్చగానే జేబులో చెయ్యి పెట్టకండి. ముందు కిరసనాయిలు గుడ్డతో తుడిచి ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు అక్షరం అక్షరం ఆర్.సి.తో సరిచూడండి. రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు, ఆపైన అయిదేసి ఏళ్ళకు రెన్యువల్ కావాలి. చివరిసారి ఎప్పుడు చేయించారో చూడండి. నా బండిది 2004తో ఆగింది. పాత పుస్తకం ఆర్.సి. ఆన్‌లైను రికార్డులోకి ఎక్కిందో లేదో కూడా కనుక్కోండి. ఎక్కకపోతే పేరు మార్పు ముందుకు కదలదు. నేను ఏడుసార్లు తిరిగాను. జీవితమంతా జనాన్ని తిప్పించినవాళ్ళం గనుక ఆ ఏడుసార్లు నేనేమీ అనుకోలేదు.

"వింటేజ్" అనే మాట గురించి కూడా ఒక మాట. ఇంగ్లండులో పాత కార్ల ఛాందసులు 1930తో ముగిసిన కాలంనాటి బండినే వింటేజ్ అంటారు. మన దేశంలో 2021లో కేంద్రం చేసిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న సొంత వాహనం వింటేజ్. కొత్తగా అలా రిజిస్టరు చేయించడానికి రుసుము 20,000 రూపాయలుగా, సర్టిఫికెట్టు పదేళ్ళకుగా నిర్ణయించారు. అయితే ఆ బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు మాత్రమే రోడ్డెక్కాలి. లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి జావా మీద ట్రెజరీకి వెళ్ళాలన్నది నా నలభై ఏళ్ళ కోరిక. అందుకని మామూలు రెన్యువలే చేయించాను. ఎప్పటికైనా వింటేజ్ చేయించాలనుకునేవారు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి: ఛాసిస్‌లోగాని ఇంజనులోగాని మార్పు చేస్తే అసలు రూపం పోయినట్టే. అంటే సామాన్ల బండిలో మన చెయ్యి మొట్టమొదట పోయేది దేనిమీదికో, ఆ ఇంజనునే ముట్టుకోకూడదు. మామూలు రిజిస్ట్రేషను బండికైనా ఇంజను మార్చితే ఆ సంగతి ఆర్.సి.లో నమోదు చేయించక తప్పదు.

ఈ జ్ఞానమంతా నాకు తరువాత వచ్చింది. జావా ఇంటికి వచ్చిన పదిహేను రోజులకే, ఇంకా ఇంజను విప్పి చూడకముందే, నేను సామాన్ల బండి కోసం వెతకడం మొదలుపెట్టాను. "దీనికి యెజ్డీ బి-టైపు సామాను చాలా మటుకు ఎక్కుతుంది సార్, ఒకటి పడేసుకుంటే బతికినన్నాళ్ళూ చూసుకోనక్కరలేదు" అన్నాడు మేస్త్రీ. ఎవరు బతికినన్నాళ్ళు అని నేను అడగలేదు. పెనుకొండ దగ్గర ఒక పల్లెలో 1981 యెజ్డీ ఉందని తెలిసింది. కరెంటు లైన్‌మ్యాన్ బండి. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయన భార్య ప్లాస్టిక్ కవరులో ఆర్.సి.ని, 1994 నాటి ఇన్సూరెన్సు కాగితాన్ని కూడా తెచ్చి ఇచ్చింది. సీటు కింద తోలుసంచిలో టూల్ కిట్టు, ఒక్క పానా కూడా పోలేదు. పద్నాలుగు వేలకు మాట కుదిరింది. ఆటోట్రాలీలోకి ఎక్కిస్తూండగా ఆమె అడిగింది.

"నడుపుకుంటావా సారూ?"

"ఊఁ" అన్నాను.

వారం తరువాత షెడ్డులో జావా ఇంజను విప్పారు. పదకొండు లోపాలు తేలాయి. నేను కాగితం మీద వరసగా రాసుకున్నాను, ఆఫీసు అలవాటు. పిస్టను, రింగులు, కనెక్టింగ్ రాడ్డు, బేరింగులు, ఆయిల్ సీళ్ళు, క్లచ్చు ప్లేట్లు, కేబుళ్ళు, సైలెన్సరు — ఎనిమిదీ కొత్తవి దొరికేవే. తొమ్మిదోది ఇంజను కేసుకు పగులు. నెంబరు ఉన్న కేసు గనుక మార్చకూడదు, వెల్డింగు పెట్టించుకోవాలి. పదోది డైనమో ఆర్మేచరు కాలిపోయింది; కొత్త తీగ చుట్టేవాడు హిందూపురంలోనే ఉన్నాడు. పదకొండోది సెకండు గేరు పళ్ళచక్రంలో రెండు పళ్ళు విరిగాయి. అంటే యావత్తు యెజ్డీలో నాకు కావలసింది అరచేతిలో పట్టే ఒక చక్రం.

అదే రోజు మేస్త్రీ, ఊరికే చేతులు ఊరుకోక, యెజ్డీ కార్బురేటరు కడిగి, పాయింట్లు గీకి, కొత్త ప్లగ్గు వేసి కిక్కు కొట్టాడు. ఆరో కిక్కుకు స్టార్టయింది. షెడ్డంతా నీలం పొగ. ఆరేళ్ళుగా కోళ్ళు ఎక్కి కూర్చున్న బండి. మేస్త్రీ నా మొహం చూసి, "ఇంజను విప్పాలంటారా సార్?" అన్నాడు. అది స్టార్టు కాకుండా ఉంటే ఎంత బాగుండేదో అని అప్పుడు నాకనిపించింది. ఆ గేరు పాత సామాన్ల కొట్లలో దొరకవచ్చు, వెతికించమంటే నెలో రెండు నెలలో పడుతుందని కూడా అతడు చెప్పాడు. నాకు ఆగస్టులో డెబ్భయి నిండుతున్నాయి. ఆ రోజుకు జావా మీద ఊళ్ళో తిరగాలని పట్టుబట్టి ఉన్నాను. విప్పమన్నాను.

ఒకసారి విప్పాక దానికి హద్దు లేదు. గేరు తరువాత హెడ్‌లైటు రింగు, తరువాత బ్రేకు షూలు, తరువాత క్లచ్చు లీవరు. కొత్తవి దొరికేవి కూడా అందులోంచే తీశాను, చెయ్యి చాస్తే అందుతుంది గనుక. వేపచెట్టు కింద జీపు కథే. ఎనిమిది నెలల తరువాత బెంగళూరులో ఒక పాత సామాన్ల కొట్టులో, గ్రీజు కాగితంలో చుట్టిన సెకండు గేరు, వాడనిది, తొమ్మిది వందలకు దొరికింది. కొన్నాను. ఇంట్లో దేవుడి గూటి పక్కన అలమరలో ఇప్పటికీ అలాగే ఉంది.

విప్పిన బండిని ఊరికే మూల పడేసి మరిచిపోకూడదు. ఇక నడవదని తేలిన వాహనం సంగతి 14 రోజులలో రిజిస్ట్రేషను అధికారికి తెలిపి ఆర్.సి. అప్పగించాలని 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను చెబుతుంది. లేకపోతే ఆ నెంబరుతో, ఆ ఛాసిస్‌తో ఎవడేం చేసినా కాగితాల మీద బండి బతికే ఉంటుంది. నేను ఆ గడువు ఎప్పుడో దాటబెట్టాను. బండి ఇంకా లైన్‌మ్యాన్ గారి పేరు మీదే ఉంది గనుక దరఖాస్తు మీద ఆయన భార్య సంతకం కావలసి వచ్చింది. కాగితం టైపు చేయించుకుని పెనుకొండ వెళ్ళాను. ఆమె కొడుకు పైకి చదివి వినిపించాడు. సదరు వాహనం శాశ్వతంగా నడపడానికి పనికిరాని స్థితిలో ఉన్నందున, అని ఉంది అందులో.

"తీసకపోయిన దినం బాగనే ఉండె గదా సారూ?" అంది ఆమె.

నేను ఇంజను నెంబరు గురించీ, గేరు గురించీ ఏదో చెప్పబోయాను. ఆమె కాగితం అందుకుని సంతకం పెట్టింది. కాఫీ కూడా ఇచ్చింది. నేను లేచేటప్పుడు, "ఆ తోలుసంచి నీకు పనికిరాకుంటే ఇచ్చెయ్యి సారూ" అని అడిగింది. మరుసటి వారం పానాలన్నీ తుడిచి నూనె పూసి, సంచితో సహా ఇచ్చి వచ్చాను. ట్యాంకు మీది యెజ్డీ బిళ్ళలు రెండూ ఊడదీసి వాటిని కూడా ఇచ్చాను. అవి ఆమె అడగలేదు.

నన్ను సలహా అడిగే నలుగురికీ నేను చెబుతున్నది వరస మార్చుకోమని. ముందు బండి, తరువాత విప్పి చూసిన జాబితా, తరువాత బజారు. ఆరు నెలలు వెతికినా దొరకనివి నాలుగయినా మిగిలితే అప్పుడు సామాన్ల బండి. అది కూడా కదలని బండి, మనుషులు ఆశ వదులుకున్న బండి అయి ఉండాలి. దాన్ని పెట్టడానికి వాన తగలని చోటుండాలి. మేడ మెట్ల కింద చోటు దానిదే అయిపోతే కోడలు ఏమంటుందో ముందే ఆలోచించుకోండి. మా ఇంట్లో ఇప్పుడు ఆ మెట్ల కింద యెజ్డీ ఛాసిస్సు, ట్యాంకు, ఇంజను కేసులు ఉన్నాయి. "ఒక ముసలిదానికి తోడుగా ఇంకో ముసలిదాన్ని తెచ్చారు, ఇప్పుడు దాని ఎముకలు కూడా నేనే తుడవాలి" అని మా ఇంటావిడ మొత్తానికి నోరు తెరిచింది.

జావా బాగా నడుస్తోంది. లైఫ్ సర్టిఫికెట్టుకు రెండుసార్లు దాని మీదే వెళ్ళాను. 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో పాత రబ్బర్లకు ఇబ్బంది అంటున్నారు. పైగా ఇథనాల్ నీటిని పీలుస్తుంది గనుక, నెలల తరబడి బండి తీయనివారు ట్యాంకు ఖాళీ చేసి ఉంచడం మంచిది, లేకుంటే లోపల తుప్పు పడుతుంది. నేను పెట్రోలు పైపు రెండుసార్లు మార్చాను.

చివరగా ఒక మనవి. నా జావాకు ఎడమవైపు పక్కపెట్టె మూత లేదు. యెజ్డీది సరిపోలేదు. మన సభ్యులలో ఎవరి ఇంట్లోనైనా, అటక మీదగాని గొడ్లపాకలోగాని, 1960ల నాటి జావా మూత పడి ఉంటే సంఘం కార్యాలయం ద్వారా నాకు తెలియజేయగలరు. సొట్ట ఉన్నా ఫరవాలేదు. విడిగా ఉన్న మూత అయితేనే తెలియజేయండి; బండి వద్దు.